పలక మీద గాలిమర

మా వంటింటి తలుపు పక్కన గోడకి నల్లపలక ఒకటి వేలాడుతుంటుంది. ఇల్లు దాటి బీళ్ళలోకి ఎవరు వెళ్ళినా దానిమీద మూడు ముక్కలు రాసి వెళ్ళాలి. పేరు, వెళ్ళే చోటు, తిరిగొచ్చే వేళ. ఇప్పుడు నాలుగోది కూడా రాస్తున్నాం, ఏ దిక్కు అన్నది. అది నేను చెప్పబోయే ఏడాది చేరింది.

రాసిన వేళకి అరగంట దాటితే రేడియోలో పిలుస్తాం. గంట దాటితే ఒకరు బండి తీస్తారు. పశువుల స్టేషన్లో, అంటే కిలోమీటర్ల కొద్దీ బీళ్ళ మధ్య పశువుల్ని పెంచే చోట, కాపురమంటే ఆ పలకతో కాపురమే. ఇరవై రెండేళ్ళుగా నేను దాన్ని చూస్తూ పిండి కలిపాను, దాన్ని చూస్తూ బిడ్డకి పాలిచ్చాను. నా భర్త క్లిఫ్ రాసిన వేళకి పది నిమిషాల ముందునుంచే నా చెవులు దారి వైపు ఉండేవి. బండి చప్పుడు వినపడగానే పొయ్యి దగ్గరకి పోయి నిలబడేదాన్ని, ఎదురుచూడనట్టు. భయమని ఒప్పుకునే అలవాటు మా దగ్గర లేదు. రేడియోలో ఒకరు మాట్లాడితే నాలుగు స్టేషన్లవాళ్ళు వింటారు. చోటు చెప్పాలి, వేళ చెప్పాలి, గొంతు వణక్కుండా ఊరుకోవాలి.

ఆ ఏడాది వానలకి ముందు, ఆకాశం రోజూ మబ్బుపట్టి ఒక్క చుక్కయినా రాల్చని ఉక్క నెలల్లో, టీవీ సీరియల్ తీసేవాళ్ళు మా కూరాబిన్ స్టేషన్‌కి వచ్చారు. పశువుల్ని పోగేసి తోలడం అప్పటికి అయిపోయింది. హెలికాప్టరు నడిపే కుర్రాడు దక్షిణానికి వెళ్ళిపోయాడు, పనివాళ్ళు సెలవులకి పోయారు. మిగిలింది నేను, క్లిఫ్, పందొమ్మిదేళ్ళ మా అమ్మాయి టీగన్, ఇంకా ఆంబ్రోస్ మామ. క్లిఫ్ ఇక్కడికి రాకముందునుంచీ, ఆ మాటకొస్తే ఈ స్టేషన్ పుట్టకముందునుంచీ, ఈ నేల మామవాళ్ళదే.

"మీరేం చెయ్యక్కర్లేదు. మామూలుగా ఉండండి, చాలు," అన్నాడు డైరెక్టరు. మర్నాటినుంచే మామూలుగా ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టించడం మొదలెట్టాడు.

కథ అరవై ఏళ్ళ కిందటిదట. కాబట్టి సోలార్ పంపులు కనపడకూడదు. వరండాలో ఫ్రీజరు కనపడకూడదు. ఆంబ్రోస్ మామ టోపీ మరీ కొత్తగా ఉందని దాన్ని మట్టిలో పడేసి తొక్కి మళ్ళీ ఆయన చేతికిచ్చారు.

"పశువులు తొక్కితే ఊరికే తొక్కి పోయేవి," అన్నాడు మామ. "వీళ్ళు తొక్కి థాంక్స్ కూడా చెప్పారు."

"కథలో నీకు వేషం ఇచ్చారటగా మామా," అన్నాను.

"ఇచ్చారు. గేటు తీస్తాను."

"అంతేనా?"

"అరవై ఏళ్ళ కిందట ఇక్కడి మందలన్నీ మా నాన్న నడిపాడు. కథలో వాళ్ళ నాయికమ్మ నడుపుతుంది, నేను గేటు తీస్తాను. మాట కూడా ఉందిలే. 'అలాగేనమ్మా' అనాలి." టోపీ దులుపుకుని నెత్తిన పెట్టుకున్నాడు. "పొద్దుట్నించీ అభ్యాసం చేస్తున్నా. కష్టంగానే ఉంది."

తూర్పున, ఎర్రదిబ్బ కింద, వాళ్ళొక సెట్టు కట్టారు. నాలుగు కొయ్యల మీద తిరిగే రెక్కలు, పక్కన తుప్పుపట్టినట్టు రంగు వేసిన చెక్క ట్యాంకు. అక్కడ సాయంత్రపు వెలుగు బాగుంటుందట. ఆంబ్రోస్ మామ దాన్ని కొయ్యబొమ్మ అనేవాడు. నేనూ క్లిఫ్ కూడా అలాగే అనేవాళ్ళం.

టీగన్‌కి మాత్రం ఆ రెండు నెలలూ పండగ. నాయిక వేసే ఇంగ్రిడ్‌కి గుర్రమంటే హడలు. దూరంనుంచి తీసే సవారీలన్నీ ఆమె గౌను తొడుక్కుని, ఆమె జుట్టులాంటి జుట్టు పెట్టుకుని టీగన్ చేసేది. సాయంత్రం ఇంటికొచ్చి కుక్క మొరిగితే "కట్" అనేది. మా ఇంటిని పెద్దిల్లు అనడం మొదలెట్టింది, సీరియల్లో అనేలాగా.

"పెద్దిల్లు ఎప్పటినుంచే?" అన్నాడు క్లిఫ్. "చూరు కారుతూనే ఉందిగా."

నవ్వుకున్నాం. అప్పుడు నేను కూడా నవ్వాను.

ఇంగ్రిడ్ మంచి పిల్ల. ఖాళీ దొరికితే వంటింట్లోకి వచ్చేది, కథలో రొట్టె చేసే సన్నివేశం ఉందని నా దగ్గర నేర్చుకునేది.

"అంత గట్టిగా గుద్దకు," అన్నాను ఒకరోజు. "పిండి నీకేం అపకారం చేసింది?"

చెయ్యి తేలిక చేసి అడిగింది. "మర్లీన్, మీకిక్కడ భయం వెయ్యదా?"

"దేనికి?"

"ఏమో. ఇంత చోటు. ఎటు చూసినా ఎవరూ లేరు."

"పనుంటుందిగా," అన్నాను. నా కళ్ళు పలక మీదున్నాయి. క్లిఫ్, ఉత్తరపు బోర్లు, నాలుగు గంటలకి. నాలుగుంబావయింది.

"నాకొక డైలాగుంది. 'ఈ నేలకి నేను భయపడను, ఇదే నాకు భయపడాలి' అని. ఎలా అనాలో అర్థం కావడం లేదు. మీరైతే ఎలా అంటారు?"

"నేనైతే అనను."

ఆమె నవ్వి, పిండి చేత్తోనే పుస్తకం తీసి ఆ మాట రాసుకుంది. దారిలో బండి చప్పుడు వినపడింది. నేను పొయ్యి దగ్గరకి వెళ్ళాను.

మా పాత పికప్ బండిని కూడా వాళ్ళు కథకి వాడుకున్నారు. టీగన్ నడిపే బండి అది. వెనక ఎప్పుడూ కట్టి ఉండే ఇరవై లీటర్ల నీలం నీళ్ళ డ్రమ్ము కెమెరాలో కొట్టొచ్చినట్టు కనిపిస్తోందన్నాడు సామాన్లు సర్దే అతను. డ్రమ్ము విప్పాడు. ముందున్న రేడియో యాంటెన్నా కూడా విప్పాడు.

"నీళ్ళ డ్రమ్ము లేకుండా నా బండి ఏదీ గేటు దాటదు," అన్నాడు క్లిఫ్.

"సాయంత్రం మళ్ళీ బిగించేస్తాం సార్."

"నాన్నా, రోజూ పెట్టేస్తారు. నేను చూసుకుంటాలే," అంది టీగన్.

మొదట్లో రోజూ బిగించారు. తర్వాత ఎప్పుడు మానేశారో ఎవరమూ గమనించలేదు.

ఆ ఆదివారం షూటింగుకి సెలవు. పొద్దున్నే అందరూ వ్యాన్లెక్కి పడమటి లోయలో ఈతకి పోయారు. తలనొప్పని ఇంగ్రిడ్ ఒక్కతీ గదిలో పడుకుంది. వాళ్ళకి టిఫిన్ పెట్టి, గిన్నెలు కడిగి తలెత్తేసరికి పలక మీద టీగన్ గుండ్రటి రాత ఉంది.

టీగన్. గాలిమర. 12.

మా స్టేషన్లో పదిహేడు బోర్లున్నాయి. ఒకప్పుడు అన్నింటికీ గాలిమరలే. ఒక్కొక్కటే పడిపోతుంటే సోలార్ పంపులు పెట్టుకుంటూ వచ్చాం. పడమటి కంచె దగ్గర, ఇంటికి అరవై కిలోమీటర్లలో, ఒక్క గాలిమర మిగిలింది. అంచేత మాకు గాలిమర అంటే వస్తువు కాదు, ఊరి పేరులాంటిది. ఆదివారం నాడు ఎవరో ఒకరం వెళ్ళి అక్కడి తొట్టిలో నీళ్ళు చూసి రావాలి. సెలవు రోజున కూడా పిల్ల తనంతట తనే ఆ పనికి వెళ్ళిందని సంతోషించాను.

పన్నెండు దాటింది. పన్నెండున్నరకి రేడియో తీశాను.

"టీగన్, టీగన్. ఇల్లు పిలుస్తోంది."

గరగర తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారికి పక్క స్టేషన్ షీలా గొంతు వచ్చింది. "మర్లీన్, మాక్కూడా వినపడ్డం లేదు. వింటూ ఉంటాను."

షెడ్డులో ఉన్న క్లిఫ్‌కి చెప్పడానికి వెళ్ళాను. అక్కడ గోడ వారగా నీలం డ్రమ్ము ఉంది. దానికి ఆనించి యాంటెన్నా ఉంది. డ్రమ్ములో ఎవరో రెండు గొడుగులు పెట్టారు.

క్లిఫ్ డ్రమ్ము వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"గాలిమర దగ్గర కావలసినన్ని నీళ్ళున్నాయి," అన్నాడు. "బండి మొరాయించి ఉంటుంది. తొట్టిలో కాళ్ళు పెట్టుక్కూర్చుని ఉంటుంది, చూడు."

"అవును," అన్నాను.

"నలభై మూడు డిగ్రీలుంది. నువ్వు బయట తిరగకు."

ఒంటిగంటకి బయల్దేరాడు. ఆ దారి మీద గంటా ముప్పావు పడుతుంది. నేను వంటింట్లోకి వచ్చి రేడియో ముందు కూర్చున్నాను. గొడుగులు తీసేసి డ్రమ్ము కడిగి నింపాను. నింపిన డ్రమ్ము వరండాలో పెట్టాను. మళ్ళీ వెళ్ళి మూత బిగించానో లేదో చూశాను. తొట్టిలో నీళ్ళున్నాయి, తొట్టిలో నీళ్ళున్నాయి అని పైకే అనుకున్నాను. ఆంబ్రోస్ మామ వచ్చి గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. ఆయన ఊరికే వచ్చి కూర్చోవడం చూసి నాకు మరీ భయమేసింది.

మూడింటికి పది నిమిషాలుందనగా రేడియో పలికింది.

"మర్లీన్." క్లిఫ్ గొంతు. "గాలిమర దగ్గరున్నా. ఇక్కడ లేదు."

"దారిలో?"

"దారిలో లేదు. లోయ మలుపు దాకా వ్యాన్ల జాడల్లో ఏమీ తెలీలేదు, ఆ తర్వాత అంతా రాయి. ఇక్కడ దుమ్ముంది, దుమ్ములో కొత్త జాడ లేదు. ఇవాళ ఇక్కడికి ఏ బండీ రాలేదు."

మాట్లాడాలంటే మీట నొక్కాలి. నొక్కాను. నా నోట్లోంచి చోటూ రాలేదు, వేళా రాలేదు.

"క్లిఫ్, నాకు భయంగా ఉంది," అన్నాను.

నాలుగు స్టేషన్లూ విన్నాయి. క్లిఫ్ అన్నాడు, "వెనక్కి వస్తూ ప్రతి పక్కదారీ చూస్తా. నువ్వు పోలీసులకి ఫోన్ చెయ్యి, విమానం కావాలని చెప్పు."

ఫోన్ చేశాను. ఏ రంగు బట్టలు, ఏ రంగు బండి, ఎన్ని నీళ్ళున్నాయి అని అడిగారు. నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నదానికి జవాబు చెప్పడానికి రెండుసార్లు మొదలెట్టాల్సి వచ్చింది. విమానం రావడానికి రెండు గంటలన్నా పడుతుందన్నారు.

ఫోన్ పెట్టేసరికి ఇంగ్రిడ్ గుమ్మంలో నిలబడి ఉంది, నిద్రమొహంతో, టీ కోసం. మామ ఆమెకి రెండు ముక్కల్లో చెప్పాడు.

"గాలిమర దగ్గర లేదా?" అంది ఇంగ్రిడ్. "అదేంటి, అక్కడికేగా వెళ్ళింది. రేపటి సీనుకి గుర్రాలకి మేత దించి వస్తానంది నాతో, రాత్రి భోజనాలప్పుడు."

"గాలిమర దగ్గర గుర్రాలెందుకుంటాయి?" అన్నాను.

"మా గాలిమర. ఎర్రదిబ్బ దగ్గరిది." నా మొహం చూసి ఆమె గొంతు తగ్గింది. "మేమంతా గాలిమర అంటే దాన్నే అంటాం. టీగన్ కూడా."

టీగన్ కూడా. మామ అప్పటికే లేచి వరండాలో డ్రమ్ము ఎత్తుతున్నాడు.

తూర్పున. నలభై కిలోమీటర్లు. అక్కడ బోరు లేదు. అక్కడున్న ట్యాంకులో ఒక్క చుక్క నీళ్ళు ఎన్నడూ లేవు. అది చెక్క. రెండు గంటలుగా నేను ఏ నీళ్ళని తలుచుకుని ఊపిరి పీల్చుకుంటున్నానో ఆ నీళ్ళు వంద కిలోమీటర్ల అవతల ఉన్నాయి.

"ఈ మీట నొక్కి మాట్లాడు," అన్నాను ఇంగ్రిడ్‌తో. "క్లిఫ్‌తో చెప్పు, తూర్పుకి, ఎర్రదిబ్బకి వెళ్ళాం అని. పోలీసులకీ చెప్పు. చోటూ వేళా చెప్పు, ఇంకేమీ చెప్పకు."

ఆమె మీట మీద వేలు పెట్టింది. 

బండి మామ నడిపాడు. గేటు దాటి ఒక మైలు పోగానే బండి ఆపి, తల బయటికి పెట్టి నేలకేసి చూశాడు.

"అమ్మాయి బండే. ఎడమ వెనక టైరు అరిగిపోయింది చూడు. పొద్దుటి జాడ."

"వెనక్కొచ్చిన జాడ ఉందా మామా?"

గేరు వేశాడు. "లేదు," అన్నాడు.

ఆ దారి పొడుగునా నేను లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఏడింటికి వెళ్ళి ఉంటుంది. సీసా ఒకటి పట్టుకెళ్ళి ఉంటుంది. రెండు లీటర్లది. పదింటికే అయిపోయి ఉంటుంది. కాదు, మా పిల్ల దాచుకుని తాగుతుంది. ఎంత దాచుకున్నా రెండు లీటర్లే. ఎవరన్నా ఏమన్నా మాట్లాడితే బాగుండుననిపించింది.

"మామా, ఏదన్నా చెప్పు."

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి."

"అలాగేనమ్మా," అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి ఒక చప్పుడొచ్చింది. ఆయన ముందుకే చూస్తూ బండి ఇంకా వేగంగా పోనిచ్చాడు.

దిబ్బ మలుపు తిరగగానే కొయ్యరెక్కలు కనపడ్డాయి. వాటి కింద టీగన్ బండి. ముందు మూత ఎత్తి ఉంది. మేత కట్టలు దడి పక్కన వరసగా దించి ఉన్నాయి.

టీగన్ లేదు.

బండి రెండువైపులా చూశాను, కిందకి వంగి చూశాను. సీట్లో ఖాళీ సీసా ఉంది. ముట్టుకోవడానికి ఇనుము కాలిపోతోంది. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండాలి. ఎక్కడికీ నడవకూడదు. నడక రాకముందే పిల్లకి మేం నేర్పిన మాట అది. పేరెట్టి పిలిచాను.

"అరవకు," అన్నాడు మామ. "కదలకు కూడా. జాడ తొక్కేస్తావ్."

ఆయన వంగి నడిచాడు. బండి చుట్టూ ఒకసారి, దడి దాకా, మళ్ళీ వెనక్కి. నేను నిలబడ్డచోటే నిలబడ్డాను. ఆయన వీపు చూస్తూ. ఆ వీపు దిబ్బ వైపు తిరుగుతుందేమో, మైదానం వైపు తిరుగుతుందేమో అని. అది తిరిగిన వైపున నా బిడ్డ పోయినట్టు.

వీపు ట్యాంకు వైపు తిరిగింది. ముప్పై అడుగులు. ట్యాంకు వెనక, దీపాలవాళ్ళు దూరడానికి కోసిన చిన్న తలుపుంది. మామ దాన్ని లాగి, మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి చూసి, నా వైపు చెయ్యి ఊపాడు.

చెక్క గోడకి ఆనుకుని నీడలో ఉంది. చొక్కా విప్పి తలకి చుట్టుకుంది. పెదాలు తెల్లగా పగిలిపోయాయి. మొహాన చెమట లేదు. కళ్ళు తెరిచి నన్ను చూసింది, చాలా సేపు పట్టింది పోల్చుకోవడానికి.

"అమ్మా," అంది. నాలుక తిరగడం లేదు. "బండి వదిలి పోలేదమ్మా. ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది."

"అవును. పోలేదు. మంచిపని చేశావు."

"మెల్లిగా," అన్నాడు మామ, డ్రమ్ములోంచి నీళ్ళు పట్టిన నా చేతి గిన్నెని ఆపి. "ఒక్కో గుక్క. అడిగినా ఇవ్వకు. ముందు మెడా మణికట్లూ తడుపు."

తడిపాను. ఒక్కో గుక్కా ఇచ్చాను. ఆ పిల్ల కళ్ళతో గిన్నెని వదలకుండా చూస్తోంది, తల్లి చచ్చిన దూడ నా చేతిలో పాలసీసాని చూసినట్టు. మామ లేచి వెళ్ళి తాను కూడా కాసిని నీళ్ళు తాగాడు. తిరిగొచ్చి చెక్క గోడని వేళ్ళతో తట్టి చూశాడు.

"నీళ్ళు లేకపోయినా నీడ మంచిదే ఇచ్చింది," అన్నాడు.

పావుగంటకి టీగన్ గొంతు కొంచెం తేరుకుంది.

"ఇంతసేపు పట్టిందేం?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలీక. "రాసి వచ్చానుగా. నాన్న రెండింటికల్లా వస్తాడనుకున్నా. నాన్నేడి?"

"గాలిమర దగ్గరికి వెళ్ళాడు," అన్నాను.

తలుపు సందులోంచి పైన కొయ్యరెక్కలు కనిపిస్తున్నాయి. వాటిని చూసింది. నన్ను చూసింది. నేను గిన్నె అందించాను. అప్పుడూ మేము ఆ మాట ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

పిల్లని మామకి అప్పగించి మేం వచ్చిన బండి దగ్గరకి పరుగెత్తి రేడియో తీశాను.

"క్లిఫ్. ఎర్రదిబ్బ దగ్గర ఉంది. నీడలో ఉంది. నీళ్ళు తాగుతోంది, మాట్లాడుతోంది. డాక్టర్ని తెచ్చే విమానాన్ని ఇంటి దగ్గర దిగమని చెప్తాను. నాలుగున్నరైంది."

చోటూ, వేళా. ఈసారి అన్నీ చెప్పాను. గరగర.

"క్లిఫ్, విన్నావా?"

"విన్నా."

ఆయన మీట నొక్కి పట్టుకునే ఉన్నాడు. గాలి వినిపిస్తోంది, ఊపిరి ఎగబీల్చిన చప్పుడు కూడా వినిపిస్తోంది, అంతలో మీట వదిలేశాడు. తిరిగి నొక్కేసరికి గొంతు మామూలుగా ఉంది.

"తిరిగొస్తూ దారిలో మొదటి బోరు దగ్గర ఆగా. తొట్టిలో తేలే బంతి పట్టేసింది. అది బాగుచేసి బయల్దేరతా."

తొట్టి నిండగానే నీళ్ళు ఆపే ఆ బంతిని మంగళవారమే తీసి కొత్తది పెట్టాడు. పక్కన నిలబడి పానా అందించింది నేనే.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"ఒక అరగంట."

"సరే. తొందరేం లేదు. చూసి చెయ్యి."

పక్క స్టేషన్‌నుంచి షీలా గొంతు కలిసింది, ఇంతసేపూ అక్కడే ఉన్నట్టు.

"ఈ ఎండలకి ఆ బంతులన్నీ అంతే క్లిఫ్. మా దగ్గరా అలాగే పట్టేస్తున్నాయి. నిదానంగా చూసుకో."